బెంగళూరు మారతహళ్లిలో బేస్ గిటార్ క్లాసు: సార్‌కి దండం, వాళ్ల గిటార్‌కి మాత్రం దూరం

మా పీజీకి పది నిమిషాల నడక. మూడు నెలలుగా శని, ఆదివారాలు వెళ్తున్నాను, ఒక్కో క్లాసు 45 నిమిషాలు. క్లాసు పేరు రాయడం లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ఏడాదిపాటు వీడియోలు చూసి ఆర్పెజియోలు (కార్డ్‌లోని నోట్స్‌ని ఒక్కొక్కటిగా) వాయించినవాణ్ణి నేను. నోట్స్ కరెక్టే, కానీ ఏ వేలు అన్నదానికి లెక్కే లేదు, ఏది దొరికితే అది. సార్‌ది నెల్లూరు, తెలుగులోనే చెప్తారు. మొదటిరోజు కాసేపు విని, "ఒకే సి మేజర్‌ని మూడుసార్లు మూడు రకాల వేళ్లతో వాయించావు, తెలుసా?" అన్నారు. నాకు నిజంగా తెలీదు.

ఇక రెండు వారాలు అదే పని. ఎ తీగ మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడమీది మూడో గడిలో) సి. మేజర్ అయితే దానిమీద మధ్యవేలు పెట్టాలి, అప్పుడు డి తీగ రెండో ఫ్రెట్‌లో ఉన్న ఇ మీదికి చూపుడువేలు దానంతటదే వస్తుంది, ఐదో ఫ్రెట్‌లో జి నోట్‌కి చిటికెనవేలు, జి తీగ ఐదో ఫ్రెట్‌లో పై సికి మళ్లీ అదే వేలు. మైనర్‌కైతే అదే సి మీద చూపుడువేలు, ఎందుకంటే ఇ ఫ్లాట్ ఎ తీగ మీదే ఆరో ఫ్రెట్‌లో ఉంటుంది, చిటికెనవేలు అక్కడికి అందాలి కదా, మిగతా రెండూ, అంటే జి, పై సి, ఉంగరంవేలితో. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానని చెప్తే, "అయితే ఇంకేం, శంకరాభరణం గాంధారమా ఖరహరప్రియ గాంధారమా అన్నది స దగ్గరే తేల్చేసుకో" అన్నారు, మొదటిది మేజర్‌ది, రెండోది మైనర్‌ది. ఆ మాట తర్వాత వేలు తప్పలేదు.

పక్కపక్క తీగల మీద ఒకే వేలు వాడటం మాత్రం నాకింకా కుదరలేదు. వేలు ఎత్తిపెడితే మధ్యలో గ్యాప్, పరిచేస్తే రెండు నోట్స్ కలిసి మోగుతాయి. కొస నుంచి మెత్తటి భాగం మీదికి దొర్లించాలట. చెప్పినంత తేలిక కాదు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. 34 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న బేస్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పే దాదాపు రెండంగుళాలు. అక్కడ నాలుగు ఫ్రెట్‌లకి నాలుగు వేళ్లు సాగదీయొద్దని, ఉంగరంవేలు, చిటికెనవేలు కలిపి ఒక్కటిగా నొక్కమని చెప్పారు, ఇది డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాళ్లు వాడే సిమాండ్ల్ అనే వేళ్ల పద్ధతి. మణికట్టు నొప్పి అంటే వెంటనే ఆపించేస్తారు. నేను ముందు వెళ్లినచోట "ఓర్చుకో, అలవాటవుతుంది" అనేవాళ్లు, వారం రోజులు చెయ్యి తిప్పలేకపోయాను.

ఇక తిట్లు. క్లాసులో పెట్టిన బేస్ ఘోరం. తీగలు ఫ్రెట్‌ల నుంచి అంత ఎత్తున ఉంటే చిటికెనవేలితో ఏం నొక్కుతాం? పైగా తుప్పు. మూడుసార్లు చెప్పాను, "చూస్తాం సార్" అంటారు, అంతే. ఆటో ఖర్చయినా సరే సొంత బేస్ తీసుకెళ్లండి. స్లాట్ మాత్రం ఉదయం పదికే అడగండి, సాయంత్రమైతే పక్కగదిలో డ్రమ్స్ క్లాసు, మీ ఇ తీగ మీకే వినబడదు.