పిల్లలున్న ఇంట్లో సైకిల్ ట్రైనర్: తొలి స్ప్రింట్ ట్రయాథ్లాన్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

స్ప్రింట్ ట్రయాథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. మూడింట్లో గడప దాటకుండా సాధన చేయగలిగేది సైకిలే. సైకిల్‌ని నిలబెట్టి, ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండే ట్రైనర్. పిల్లలు లేచేలోపు దొరికే ముప్పావుగంటకు, వెనక చక్రం రోలర్ మీద ఆనే మాగ్నెటిక్ ట్రైనర్ చాలు. చక్రం తీసేసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ రకం చప్పుడు తక్కువే కానీ, ధర చాలా ఎక్కువ. తొలి రేసుకి అది అనవసరం. చాలాకాలం వాడాక కూడా నా మాట ఇదే.

అసలు తంటా బిగింపుతోనే. సైకిల్ వెనక చక్రానికున్న క్విక్ రిలీజ్ (చక్రాన్ని ఫ్రేముకి బిగించే మీట ఉన్న సన్నటి కడ్డీ) తీసి, ట్రైనర్‌తో వచ్చే స్టీలుది వేయాలి. పాతదే ఉంచితే దాని కొనలు ట్రైనర్ రెండు పక్కలా పట్టుకునే కప్పుల్లో సరిగ్గా కూర్చోక సైకిల్ ఒరుగుతుంది. త్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరతో బిగిసే లావుపాటి ఇరుసు) ఉన్న సైకిలైతే దానికి సరిపడే యాక్సిల్ విడిగా కొనాలి. 25 మి.మీ. టైరుకి 100 పీఎస్‌ఐ దాకా గాలి పట్టాలి. హైబ్రిడ్ టైరుకైతే పక్కన ముద్రించిన గరిష్ఠానికి కాస్త తక్కువ. రోలర్ టైరుకి తగిలాక, దాన్ని టైరుకి నొక్కే నాబ్ ఇంకో రెండు మూడు చుట్లు తిప్పి, ఫ్లైవీల్‌ను (రోలర్ చివరనుండే బరువైన చక్రాన్ని) చేత్తో తిప్పి చూడండి. దానితోపాటు సైకిల్ చక్రమూ కదలాలి. చక్రం కదలకుండా రోలరొక్కటే తిరిగితే బిగువు చాల్లేదన్నమాట: గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది, నేలంతా నల్లటి రబ్బరు పొడి. మరీ బిగిస్తే టైరు వేడెక్కి మధ్యలో చదునైపోతుంది. తొక్కడం అయ్యాక నాబ్ వదులు చేసి పెట్టాలి, లేదంటే నొక్కుకున్నచోట టైరు సొట్టపడుతుంది.

గుబ్బల టైరు అసలు వద్దు, ఆ మోతకి ఇల్లంతా లేస్తుంది. నున్నటి టైరైనా కింది ఫ్లాటుకి అదురు వెళ్తుంది కాబట్టి మందపాటి రబ్బరు మ్యాట్ వేయాల్సిందే.

చిన్నపిల్లలుంటే గదికి గడియ తప్పనిసరి. తొక్కడం ఆపినా చక్రం కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. చువ్వల మధ్య, చైన్ దగ్గర వేలు పడితే చాలా ప్రమాదం. రోలర్ పక్కనున్న మాగ్నెట్ డబ్బా తొక్కాక కాలిపోతూ ఉంటుంది. చల్లారేదాకా పిల్లల్ని అటు రానివ్వకండి.

గాలి తగలదు కాబట్టి అదే శ్రమకి గుండె బయటకన్నా ఎక్కువ వేగంగా కొట్టుకుంటుంది. ఫ్యాన్ ఛాతీకి ఎదురుగా ఉండాలి, 750 మి.లీ. నీళ్లు చేతికందేలా ఉండాలి. హ్యాండిల్ మీద తువ్వాలు వేయకపోతే చెమట కారి బోల్టులు తుప్పుపడతాయి.

నలభై నిమిషాల సాధన ఇలా: 10 నిమిషాలు తేలిగ్గా, తర్వాత 3 నిమిషాలు గట్టిగా, 2 నిమిషాలు నెమ్మదిగా, ఇలా 5 సార్లు, చివర 5 నిమిషాలు తేలిగ్గా. వారానికి రెండుసార్లు చాలు. అందులో ఒకరోజు దిగగానే బూట్లు మార్చుకుని అపార్ట్‌మెంటు చుట్టూ 10 నిమిషాలు పరుగెత్తాలి. సైకిల్ దిగిన కాళ్లు మొదట్లో బిగుసుకుపోయి అడుగు పడదు. రేసులో అది కొత్తగా అనిపించకూడదు. ఇలా మిగిలిన సమయమంతా ఈతకివ్వండి. 25 మీటర్ల కొలనులో 750 మీటర్లంటే 30 పొడవులు, కొత్తవాళ్లు ఎక్కువగా బెదిరేది అక్కడే.

ట్రైనర్ నేర్పనివి కొన్ని ఉన్నాయి: మలుపు, బ్రేకు, నడుస్తున్న సైకిల్ మీద బాటిల్ తీసి తాగడం. వీటికి వారానికొకసారి బయటకు వెళ్లాలి. హైదరాబాద్‌లో ఉంటే అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ దీనికి బాగుంటుంది. కార్ల గొడవ లేదు, ఎండ తక్కువ.

ఇంట్లోకని ప్రత్యేక ట్రైనర్ టైరు వేసుకుంటే, బయటకు వెళ్లే ముందు తీసేసి మామూలు టైరు ఎక్కించండి. ట్రైనర్ టైరుకి రోడ్డు మీద పట్టుండదు. రేసుకైతే ముందు వారమే మార్చి, ఒకసారి రోడ్డు మీద తొక్కి చూసుకోండి.