బట్టలకు అంటుకునే ముళ్ళకాయలు: దువ్వెన, మొండి కత్తి, టేపు... చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. స్టీలు పేను దువ్వెన ఒకటి, పదును చచ్చిన కత్తి ఒకటి, సన్నమూతి పట్టకారు ఒకటి ఉంటే చాలు, మిగతావి దాదాపు అన్నీ దండగే. పదికి మార్కులేయమంటే దువ్వెనకు ఎనిమిదిన్నర, పట్టకారుకు ఎనిమిది, కత్తికి ఏడు. బట్టల మీద నూగు తీసే జిగురు రోలర్‌కి ఒకటి, అది కూడా జాలిపడి.

నేను తుపాకీ పట్టేవాణ్ణి కాదు, కెమెరా పట్టేవాణ్ణి. కానీ వేసుకునేవి మాత్రం వేటగాళ్ళ కోసం కుట్టిన జాకెట్లు, ప్యాంట్లే. జేబులు ఎక్కువ, రంగు పొదల్లో కలిసిపోతుంది, అన్నిటికంటే ముఖ్యంగా నడిస్తే చప్పుడు కాదు. ఆ చప్పుడు లేకపోవడంలోనే ఉంది అసలు చిక్కంతా. బట్ట మెత్తగా, నిశ్శబ్దంగా ఉండాలని పై పొరలో సన్నటి పోగులు లేపుతారు, కొన్నిటికి ఏకంగా ఫ్లీస్ లాంటి బొచ్చే పైకి పెడతారు. ముళ్ళకాయ కొక్కేనికి కావలసింది సరిగ్గా అలాంటి పోగే. గట్టిగా నేసిన నున్నటి నైలాన్ మీద దానికి పట్టు దొరకదు, కానీ ఆ నైలాన్‌కి ఒక కొమ్మ రాసుకుంటే చర్రుమని వినిపిస్తుంది, పిట్ట ఎగిరిపోతుంది. రెండూ ఒకే బట్టలో కావాలంటే కుదరదు. కంపెనీలు ఎన్ని చెప్పినా, నిజంగా నిశ్శబ్దంగా ఉండి ముళ్ళు అస్సలు అంటని బట్ట నాకింతవరకు దొరకలేదు. అందుకే ఈ సమీక్ష బట్టల మీద కాదు, బట్టలకు అంటినవాటిని తీసే వస్తువుల మీద.

పనిముట్ల దగ్గరికి వెళ్ళేముందు ఒక సంగతి తేల్చుకోవాలి, లేకపోతే ఏ వస్తువు కొన్నా డబ్బు దండగే. అంటుకునేవన్నీ ఒకే రకంగా అంటుకోవు. మరులమాతంగి కాయ, బర్డాక్ అనే మొక్క కాయ లాంటివాటికి ముల్లు చివర కొక్కెం ఉంటుంది, ఆ కొక్కెం పోగుని పట్టుకుని వేలాడుతుంది. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ కుక్కతో వేటకెళ్ళి వచ్చాక, కుక్క బొచ్చుకీ తన బట్టలకీ అంటిన బర్డాక్ కాయల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది ఈ కొక్కేలనే, వెల్క్రో అక్కణ్ణుంచే పుట్టింది. అంటే మన జాకెట్ మణికట్టు దగ్గర పట్టీ ఎలా పట్టుకుంటుందో కాయ కూడా అలాగే పట్టుకుంటుంది. అడ్డంగా లాగితే వెల్క్రో ఊడదు, అంచు నుంచి ఎత్తితే ఊడుతుంది. కాయ విషయంలోనూ అంతే. ఈ ఒక్క ముక్క చేతికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

రెండో రకానికి కొక్కెం ఉండదు, ముల్లు మీద వెనక్కి తిరిగిన సన్నటి పళ్ళు ఉంటాయి. బైడెన్స్ జాతి మొక్కల గింజలు ఇలాంటివే, నల్లగా, సూదిలా సన్నగా, ఒక కొసన రెండు నుంచి నాలుగు దాకా ముళ్ళుంటాయి. సెంక్రస్ జాతి గడ్డి కాయల్లో చాలావాటికీ ముళ్ళ మీద అలాంటి పళ్ళే. ఇవి ముందుకు సులువుగా దిగుతాయి, వెనక్కి రావు. వచ్చిన దారినే లాగితే ఒక్కోసారి పోగు తెగుతుంది, లేదా గింజ విరిగి ముల్లు బట్టలోనే ఉండిపోతుంది. బయట చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది, వేసుకున్నాక తొడ మీద గుచ్చుతుంది.

ఇక డెస్మోడియం జాతి మొక్కల కాయలు. చదునుగా, చిన్న చిన్న తునకలుగా తెగి అంటుకుంటాయి, పై పొరంతా కంటికి కనిపించనంత చిన్న కొక్కేల నూగు. ఒక్క పొదలోంచి నడిస్తే ప్యాంటు రంగే మారిపోతుంది. ఉత్తరేణి గింజలు వీటికంటే మర్యాదస్తులు, గీకితే పోతాయి, కాకపోతే సాక్సుల్లో దూరితే మాత్రం వాటినీ ఒక్కొక్కటిగా ఏరాల్సిందే.

ఇప్పుడు దువ్వెన. పెంపుడు కుక్కల పేలు, గోమార్లు తీయడానికి వాడే స్టీలు దువ్వెన, పళ్ళు పొడుగ్గా, దగ్గర దగ్గరగా, పిడితో సహా ఉన్నది తీసుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, మరులమాతంగి కాయ ఒకటి అడ్డం పడితే పళ్ళు ఊడి వస్తాయి. వాడే పద్ధతి జుట్టు దువ్వినట్టు కాదు. బట్టని ఎడమచేత్తో బిగుతుగా లాగి పట్టుకోవాలి, దువ్వెనని బట్టకు దాదాపు అంటించి పడుకోబెట్టి కాయ కిందికి జరపాలి, పళ్ళు కాయకీ బట్టకీ మధ్యలోకి వెళ్ళాక పైకి ఎత్తాలి. జరపడం, ఎత్తడం, అంతే. లాగడం మొదలుపెట్టారంటే ఫ్లీస్ పోగులన్నీ దువ్వెనకు వచ్చేస్తాయి, బట్ట మీద బోడి మచ్చలు పడతాయి. బొచ్చు ఏ వైపు పడుకుని ఉందో చూసుకుని ఆ వైపే జరపాలి. నా పాత ఫ్లీస్ చొక్కా ఇన్నేళ్ళు ముళ్ళలో తిరిగీ ఇంకా మనిషి వేసుకునేలా ఉందంటే ఈ దువ్వెన పుణ్యమే.

దువ్వెనకు ఎనిమిదిన్నరే ఎందుకు, పది ఎందుకు కాదు అంటే, మరులమాతంగి లాంటి గట్టి కాయ బొచ్చులో లోతుగా కూరుకుపోయి, దాని మీద బ్యాగు పట్టీ కూడా నొక్కుకుందనుకోండి, దువ్వెన పళ్ళు కిందికి దూరవు. అక్కడ పట్టకారు రావాలి. కాయని సన్నమూతి పట్టకారుతో పట్టుకుని లాగకుండా, ముందు అటూ ఇటూ నొక్కి నలిపేయాలి. ఎండిన కాయ పగులుతుంది, పగిలాక కొక్కేల పట్టు సడలుతుంది, ముక్కల్ని దువ్వెన తీసుకుంటుంది. పచ్చి కాయ పగలదు, మెత్తగా సాగుతుంది, దాన్ని ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి అప్పుడు పట్టుకోవడం మేలు. నలిపేటప్పుడు ముక్కలు కళ్ళలోకి ఎగురుతాయి, కళ్ళజోడు పెట్టుకోండి, నవ్వులాట కాదు.

వెనక్కి పళ్ళున్న గింజలకి దువ్వెన పనికిరాదు, తిన్నగా చెప్పాలంటే చెరుపు కూడా చేస్తుంది. వాటికి నా పద్ధతి ఏంటంటే ప్యాంటుని లోపలి వైపు తిరగేసి, వెలుతురు పడేలా పట్టుకుని, లోపలికి పొడుచుకొచ్చిన ముల్లు కొసని అదే సన్నమూతి పట్టకారుతో పట్టుకుని ముందుకే లాగేయడం. అది వెళ్ళాలనుకున్న దారినే వెళ్ళనిస్తే ఏ గొడవా చేయకుండా వచ్చేస్తుంది. విసుగు పని, కాదనను. కానీ పైనుంచి గీకి అయిపోయిందనుకోవడం కంటే ఇదే నయం. ఈటెల్లాంటి గింజలుండే గడ్డి, హెటెరోపోగాన్ లాంటిది, అంటితే అస్సలు తడపకండి. ఆ గింజ తోకకు తడి తగిలితే మెలి విప్పుకుంటూ, ఆరితే మళ్ళీ మెలి తిరుగుతూ గింజని లోపలికి తోస్తుంది, నేలలోకి దిగడానికి దానికున్న ఏర్పాటు అది, మన సాక్సు దానికి నేలతో సమానం.

మొండి కత్తి డెస్మోడియం, ఉత్తరేణిల కోసం. గట్టి కాన్వాస్ ప్యాంటునో, మైనం పట్టించిన కాటన్ జాకెట్‌నో తొడ మీద పరుచుకుని, కత్తి వెన్నుతో గీకుతూ పోతే ఆ చదును తునకలు బారులుగా రాలతాయి. చూడ్డానికి భలే తృప్తిగా ఉంటుంది, ఈ మొత్తం పనిలో నాకిష్టమైన భాగం ఇదొక్కటే. పదునున్న వైపు వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు. పాత ప్లాస్టిక్ కార్డు అంచు కూడా కొంతవరకు ఇదే పని చేస్తుంది, కాకపోతే త్వరగా నలిగిపోతుంది. మైనం బట్ట మీద గీకిన చోట తెల్లటి గీతలు పడతాయి, వేలితో వెచ్చగా రుద్దితే చాలావరకు పోతాయి, కానీ అదే చోట మాటిమాటికీ గీకితే మైనం పొర పలచబడుతుంది, మళ్ళీ పట్టించుకోవాలి. కత్తికి ఏడుతో ఆపింది అందుకే. ఇంకొకటి, ఫ్లీస్ మీద కత్తి సున్నా.

మిగతావి చకచకా చెప్పేస్తాను. జిగురు రోలర్ నూగుకు బాగుంటుంది, కొక్కేనికి దాని జిగురు ఏ మూలకీ చాలదు, కాయే కాగితాన్ని చింపేస్తుంది. వెడల్పాటి డక్ట్ టేపు నయం, ముందు దువ్వెన పడ్డాక మిగిలిన చెత్తని, విరిగిన ముళ్ళని ఎత్తడానికి పనికొస్తుంది, ఆ ఒక్క పనికి ఒక చుట్ట దగ్గర పెట్టుకుంటాను. బట్టల మీద ఉండలు తీసే బ్యాటరీ షేవర్ అయితే, దయచేసి వద్దు, గట్టి కాయ జాలీని వంచేస్తుంది, కాయతోపాటు లోపలికి లాగిన బట్టని బ్లేడు కోసేస్తుంది. షేవింగ్ రేజరుతో గీకమని చాలామంది చెబుతారు, కాన్వాస్ మీద పనిచేసే మాట నిజమే, కానీ అల్లిక బట్ట మీద ఒక్క పోగు తెగితే చాలు అక్కణ్ణుంచి విప్పుకుంటూ పోతుంది. ఇనప తీగల బ్రష్ వాటర్‌ప్రూఫ్ జాకెట్ పై పూతని గీరేస్తుంది, ఆ తర్వాత వానకు నీళ్ళు జారిపోకుండా బట్ట పీల్చుకుంటుంది. ఫ్రీజర్‌లో పెడితే ముళ్ళు పెళుసై రాలిపోతాయనే చిట్కా ఒకటి తిరుగుతోంది. ఎండిపోయిన కాయలో గడ్డకట్టడానికి నీళ్ళే ఉండవు కదా, నాకైతే చల్లటి ప్యాంటు తప్ప వేరే ఫలితం కనిపించలేదు.

వాషింగ్ మెషీన్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. అంటిన కాయలతో బట్టల్ని మెషీన్‌లో వేయడం అంటే ఒక ప్యాంటు సమస్యని ఇంటిల్లిపాదికీ పంచడమే. తిరిగేటప్పుడు కాయలు ఊడి తువ్వాళ్ళకి, సాక్సులకి, లోదుస్తులకి పట్టుకుంటాయి, కొన్ని తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో దాక్కుంటాయి, మిగతావి ఫిల్టర్‌లో తేలతాయి. లోదుస్తుల సంగతి విడమరిచి చెప్పను. ఏరడం పూర్తయ్యాక, బట్ట తిరగేసి లోపల కూడా చేత్తో తడిమి చూశాకే ఉతకాలి. నీళ్ళు నిలవని పూత ఉన్న జాకెట్లకి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, ఆ పూత పని చెడుతుంది.

అసలు అంటకుండా చూసుకోవడం వీటన్నిటికంటే తేలిక. నేను చివరికి కుదుర్చుకున్న పద్ధతి ఇది: నడుము పైన నిశ్శబ్దంగా ఉండే మెత్తటి బట్ట, మోకాళ్ళ కింద నున్నటి నైలాన్ గెయిటర్లు, అంటే బూటు పైనుంచి పిక్కల చుట్టూ వేసుకునే తొడుగులు. పిట్ట దగ్గర కూర్చున్నప్పుడు కదిలేది చేతులే కాబట్టి పైన మెత్తగా ఉండాలి, ముళ్ళు అంటేది ఎక్కువగా కాళ్ళకే కాబట్టి కింద నున్నగా ఉండాలి. గెయిటర్లు నడకలో కొంచెం చప్పుడు చేస్తాయి, కూర్చునే చోటికి చేరాక విప్పేస్తాను. బూటు లేసులు కూడా అల్లిక గరుగ్గా ఉన్నవి తీసేసి నున్నటివి వేశాక ఎంత టెన్షన్ తగ్గిందో చెప్పలేను, ముడిలో ఇరుక్కున్న కాయని తీసినవాళ్ళకి తెలుస్తుంది. ఉన్ని సాక్సులు బూటు పైకి కనిపించేలా వేసుకుని తిరిగేవాళ్ళకు నా సానుభూతి.

జాకెట్ మీద వెల్క్రో పట్టీలుంటే వాటిని మూసే ఉంచండి. తెరిచిన కొక్కేల వైపు గడ్డిపోచలు, గింజల నూగు పేరుకుపోయి పట్టీ పట్టు పోతుంది, అప్పుడు అందరూ పట్టీ పాడైందనుకుంటారు. అదే పేను దువ్వెనతో కొక్కేల మధ్య దువ్వితే మళ్ళీ కొత్తదానిలా పట్టుకుంటుంది.

ఏరిన కాయల్ని ఎక్కడ పారేస్తున్నామో కూడా చూసుకోవాలి. వాటికి అన్ని కొక్కేలు ఉన్నది మన మీదెక్కి కొత్త చోటుకి పోవడానికే. మరులమాతంగి కాయలో రెండు విత్తనాలుంటాయి, సాధారణంగా ఒకటి ముందు మొలుస్తుంది, రెండోది తర్వాత ఎప్పుడో లేస్తుంది, అంటే పెరట్లో దులిపితే ఒక్క ఏడాదితో తెగే గొడవ కాదు. ఒక చోట తిరిగిన బట్టల్ని, బూట్లని దువ్వకుండా ఇంకో అడవికి వేసుకెళ్ళడం కూడా ఇలాంటిదే. నేను మూత ఉన్న సీసా ఒకటి బ్యాగులో పెట్టుకుంటాను, తీసిన ప్రతిదీ అందులోకే, నిండాక మూత బిగించి చెత్తలోకి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళయితే బట్టలు బయటే విప్పి ఏరుకోండి, ఈటె గడ్డి గింజ ఒకటి రాలి కుక్క చెవిలోనో కాలివేళ్ళ మధ్యనో దిగిందంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

దువ్వెన మన్నిక గురించి అడుగుతారని తెలుసు. పళ్ళు ఒకటి రెండు వంగాయి, పట్టకారుతో సరిచేశాను. తడి బట్టల మీద వాడి అలాగే జేబులో పడేస్తే పళ్ళు పిడిలోకి దిగే చోట తుప్పు పడుతుంది, తుడిచి పెట్టుకుంటే ఆ బాధ లేదు. చెక్క పిడి ఉన్నవి కాలం గడిచేకొద్దీ వదులవుతాయి. పిడి, పళ్ళు ఒకే లోహపు ముక్కగా వచ్చినది దొరికితే ఇంకేం ఆలోచించకుండా అదే తీసుకోండి.