సూదుల డబ్బా: ఒళ్లు గట్టిదే, నోరే ఇరుకు

వాడిన సూదులు వేసే ఈ 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా గోడల్లోంచి సూది బయటికి దిగదు. అడుగు వెడల్పు, చెయ్యి తగిలినా ఒరగదు. ముప్పావు గీత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడితో ఆపి మూసేయాలి. గీత దాటి నింపితే పైకి పొడుచుకొచ్చిన సూదిని ఎవరో ఒకరు వేలితో నెడతారు, గుచ్చుకునేది అప్పుడే.

లోపమల్లా నోరే. బటర్‌ఫ్లై సూదికి (రక్తం తీసే రెక్కల సూది) ఉండే సన్నని గొట్టం చుట్టలు తిరిగి అక్కడే ఇరుక్కుంటుంది, స్ప్రింగులా సూదిని వెనక్కి విసురుతుంది. రక్త నమూనాలు తీసే చోటికి ఇది వద్దు. ఇంజెక్షన్ గదికి చాలు: సూదికి మళ్లీ క్యాప్ పెట్టకుండా, సిరంజి నుంచి విడదీయకుండా అలాగే జారవిడవండి.

డబ్బాను చేతికందే దూరంలో, నోరు కంటికి కనిపించేలా బిగించండి. ముప్పావు నిండాక మూతకు వేసే చివరి తాళం రెండు వైపులా టక్కుమనాలి. ఒకవైపే పడితే మోసేటప్పుడు మూత ఊడొస్తుంది.