పాస్‌పోర్టుకు ఊరి అడ్రసా, హైదరాబాద్ అడ్రసా: ఏది మేలు?

పాస్‌పోర్టు మాట ఎత్తగానే మన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, ఏ అడ్రస్‌తో పెట్టాలె?" ఆధార్‌లో దేవరకొండో, అచ్చంపేటో ఉంటుంది. మనిషేమో దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లోనో, ఎల్బీనగర్ రూంలోనో ఉంటాడు. మొన్న మా మేనల్లుడి బీటెక్ అయిపోయినప్పుడు ఇంట్లో ఇదే చర్చ నడిచింది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. అడ్రస్ ఎక్కడిదైతే అక్కడి ఆఫీసుకే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. 2018 నుంచి దేశంలో ఎక్కడి కేంద్రంలోనైనా దరఖాస్తు ఇవ్వొచ్చు. అడ్రస్ ఊరిదైనా హైదరాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో (పీఎస్‌కే) స్లాట్ తీసుకోవచ్చు, హైదరాబాద్ అడ్రస్ ఉన్నవాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసు కేంద్రాలకూ రావొచ్చు. ఎక్కడిచ్చినా ఫీజు ఒకటే, పెద్దవాళ్లకు 36 పేజీల బుక్కుకు 1500. కాబట్టి స్లాట్ ఎక్కడ తొందరగా దొరికితే అక్కడికి వెళ్లండి. తేల్చుకోవాల్సింది అడ్రస్ సంగతి ఒక్కటే.

హైదరాబాద్ అడ్రస్ ఇవ్వాలంటే దానికి రుజువు కావాలి. సొంత పేరు మీద కరెంటు బిల్లో, గ్యాస్ కనెక్షనో ఉంటే ఇబ్బంది లేదు. కానీ బ్యాచిలర్ రూంలో ఉండేవాళ్ల పేరు మీద అవి ఎక్కడుంటాయి? చేతిలో ఉండేది స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించిన అగ్రిమెంటు. రూల్ ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ అయి ఉండాలి. ఓనర్‌ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దాకా రమ్మంటే ఎంతమంది వస్తారు? మేనల్లుడి రూమ్మేట్ ఒకరు నోటరీ కాగితం పట్టుకుని పోయారు. మొదటి కౌంటర్‌లోనే అది చెల్లదని పక్కన పెట్టేశారు. అపాయింట్‌మెంట్ రోజు అట్లానే పోయింది.

నా లెక్కలో అసలు విషయం కాగితం కూడా కాదు, పోలీస్ వెరిఫికేషన్. మీరిచ్చిన ప్రస్తుత అడ్రస్ ఏ స్టేషన్ కిందికి వస్తే ఫైలు అక్కడికే పోతుంది. కానిస్టేబుల్ ఫోన్ చేస్తారు, చాలాచోట్ల ఇంటికీ వస్తారు. ఆ రోజు మీరు అక్కడ దొరకాలి, మీ గురించి చెప్పేవాళ్లు ఉండాలి. ఊళ్లో అయితే పక్కింటి పెద్దమ్మ మీ తాత పేరుతో సహా చెబుతుంది. హాస్టల్లో వార్డెన్‌కు మీ రూం నంబరు తప్ప ఏమీ తెలియదు. పైగా పాస్‌పోర్టు స్పీడ్ పోస్ట్‌లో అదే అడ్రస్‌కు వస్తుంది, దరఖాస్తు చేసినవాళ్ల చేతికే ఇస్తారు. అప్పటికి రూం మారారంటే అది వెనక్కి పోతుంది.

అందుకే చదువు అయిపోయి, సామాను సర్దుకుని ఇంటికొచ్చేసిన పిల్లలకు ఊరి అడ్రసే మేలంటాను. మా వాడూ అట్లనే చేశాడు. వెరిఫికేషన్ అయ్యేదాకా ఇంటి పట్టునే ఉన్నాడు.

అయితే దీన్ని పట్టుకుని, ఐదారేళ్లుగా పెళ్లాం పిల్లలతో వనస్థలిపురంలో కాపురముంటున్నవాళ్లు కూడా ఊరి అడ్రస్ ఇస్తామంటే నేను ఒప్పుకోను. ఫారంలో అడిగేది ఇప్పుడు ఉంటున్న అడ్రస్. కానిస్టేబుల్ వచ్చి అడిగితే "పండక్కు వస్తరు సార్" అని పక్కింటివాళ్లు నిజమే చెప్తారు. రిపోర్టు మీకు వ్యతిరేకంగా పోతే ఫైలు ఆగిపోతుంది. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం కూడా. ఇట్లాంటివాళ్లు ముందు ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోవాలి. సొంత ఊరిని శాశ్వత చిరునామాగా రాసుకోవచ్చు, దానికి వేరే గడి ఉంది.

కొత్తగా పెళ్లైన ఆడపిల్లలు పుట్టింటిదా, అత్తింటిదా అని అడుగుతుంటారు. కాపురం ఎక్కడుంటే అదే. భర్త పాస్‌పోర్టులో భార్య పేరు ఉండి, అడ్రస్ కలిస్తే అదే రుజువుగా పనికొస్తుంది. మ్యారేజ్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్న నిబంధనను 2016 డిసెంబరులోనే తీసేశారు.

తత్కాల్‌లో పెడితే ఈ గొడవ ఉండదు కదా అనేవాళ్లకు ఒక మాట. అదనంగా 2000 కడితే పాస్‌పోర్టు ముందు వస్తుంది, పోలీస్ విచారణ తర్వాత జరుగుతుంది. అంతే తేడా. అప్పుడైనా ఆ అడ్రస్‌లో మీరు దొరకాల్సిందే.

ముందు ముందు ఇల్లు మారితే ఎట్లా అన్న టెన్షన్ ఇప్పుడే వద్దు. రీఇష్యూకు పెట్టి అడ్రస్ మార్పించుకోవచ్చు. ఫీజు మళ్లీ 1500 అవుతుంది, కొత్త బుక్కు ఇస్తారు.