కొత్త కారు తిరిగిచ్చేశాక: గేర్‌బాక్స్, జాబ్ కార్డు, బ్రాండ్ల మన్నిక

గేర్‌బాక్స్ లోపంతో కంపెనీకి తిరిగిచ్చిన కారులో ఉన్నది చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్, దానికి జతగా ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. దాని స్థానంలో వచ్చింది టర్బో లేని ఇంజన్‌తో నడిచే హైబ్రిడ్. రెండూ వాడి చూశాక అర్థమయ్యేదేమిటంటే, కారు మన్నిక గురించి బానెట్ మీది బ్రాండ్ గుర్తు చెప్పేది కొంతే. అసలు సంగతి దాని కింద ఉన్న ఇంజన్, గేర్‌బాక్సుల జత చెబుతుంది. ఒకే షోరూములో పక్కపక్కన నిలబెట్టిన రెండు వేరియంట్లలో ఒకటి ఏళ్ళ తరబడి పేచీ లేకుండా తిరగొచ్చు, రెండోది వారంటీ దాటకముందే క్లచ్ మార్చమనొచ్చు.

ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు కలిపేది, విడదీసేది క్లచ్. డ్రై డ్యూయల్ క్లచ్‌లో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకో క్లచ్ ఉంటాయి. ఇవి ఆయిల్‌లో మునిగి ఉండవు కాబట్టి వేడి పోవడానికి చుట్టూ ఉన్న గాలే దిక్కు. హైవే మీద దీనికి వంక పెట్టలేం. గేరు మారినట్టే తెలియదు, మైలేజీ కూడా బాగుంటుంది. చిక్కంతా ట్రాఫిక్‌లోనే. గంటకు 5 నుంచి 10 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నంతసేపూ మొదటి గేరు క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు, రాసుకుంటూనే ఉంటుంది. ఆ వేడికి ప్లేటు పైపొర నున్నబడిపోతుంది. ఆ తర్వాత ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు, ఎత్తు మీద బయల్దేరేటప్పుడు కుదుపు, రివర్స్ వేస్తే ఆలస్యం మొదలవుతాయి.

సర్వీస్ సెంటర్ మొదట చేసేది అడాప్టేషన్ రీసెట్. అంటే క్లచ్ ఎక్కడ పడుతోందో గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ (కంట్రోల్ యూనిట్) నేర్చుకున్న విలువలను చెరిపేసి, మళ్ళీ మొదటి నుంచి నేర్పించడం. కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. ప్లేటు మాత్రం అదే ప్లేటు కాబట్టి వణుకు తిరిగొస్తుంది. రెండోసారి కూడా రీసెట్ చేసి తాళాలు చేతిలో పెడుతుంటే, తిరిగిచ్చే కాగితాల పని ఆ రోజే మొదలుపెట్టాలి.

ఈ రకం గేర్‌బాక్సుల చరిత్ర అందరికీ తెలిసిందే. అమెరికాలో 2012 నుంచి 2016 వరకు వచ్చిన ఫోర్డ్ ఫోకస్‌లోని పవర్‌షిఫ్ట్ అనే గేర్‌బాక్స్‌లో ఇన్‌పుట్ షాఫ్ట్ సీళ్ళు కారి, పొడిగా ఉండాల్సిన క్లచ్ మీద ఆయిల్ పడేది. దాని మీద కొన్నవాళ్ళందరి తరఫున ఒకే దావా (క్లాస్ యాక్షన్) నడిచి చివరికి రాజీ కుదిరింది. ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై డీఎస్‌జీని (ఆ కంపెనీ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ పేరు) గేర్లను, క్లచ్‌లను కదిలించే మెకట్రానిక్స్ యూనిట్ లోపంతో 2013లో చైనాలో పెద్దఎత్తున వెనక్కి పిలిపించారు.

ఇక తిరిగివ్వడం. ఇందులో గెలుపోటములు తేల్చేది జాబ్ కార్డే, అంటే సర్వీసుకు ఇచ్చినప్పుడు ఫిర్యాదు రాసే కాగితమే. "గేర్ సమస్య" అని రాయించుకుంటే ఎందుకూ పనికిరాదు. "ఇంజన్ వేడెక్కాక, ఏసీ ఆన్‌లో, 15 కిలోమీటర్ల వేగం లోపు ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణుకు" అని రాయించాలి. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అవే మాటలు ఉండాలి. ఎందుకంటే చట్టం చాలాచోట్ల లెక్కపెట్టేది ఒకే లోపానికి ఎన్నిసార్లు మరమ్మతు జరిగిందనే. ఒకసారి వణుకు, ఒకసారి శబ్దం, ఒకసారి పికప్ తక్కువ అని రాయిస్తే కంపెనీ వాటిని మూడు వేర్వేరు చిన్న ఫిర్యాదులుగా చూపిస్తుంది. కారు ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, రెండుసార్లూ ఓడోమీటర్ రీడింగ్ ఉండి తీరాలి. "సమస్య కనిపించలేదు" అన్నా సరే, ఆ మాటే కాగితం మీద పెట్టించాలి. జాబ్ కార్డు ఎందుకండీ, ఊరికే చూసి ఇచ్చేస్తాం అనే మర్యాదకు లొంగకూడదు. కాగితం లేకపోతే ఆ రాక లెక్కలోకి రాదు.

సమస్య కనిపించలేదనడానికి ఒక కారణం ఉంది. రాత్రంతా యార్డులో నిలబెట్టిన కారును ఉదయం చల్లగా ఉన్నప్పుడు నడిపి చూస్తారు. చల్లటి క్లచ్ వణకదు. అరగంట ట్రాఫిక్‌లో తిప్పి వేడెక్కించి, నేరుగా టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి. ఇంజన్ లైటు వెలిగితే సర్వీసుకు ఇవ్వకముందే ఓబీడీ రీడర్‌తో (కారు కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) లోపాల కోడ్లు చదివి ఫొటో తీసి పెట్టుకోవాలి. కోడ్ పడిన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం ఎంతో నమోదు చేసే ఫ్రీజ్ ఫ్రేమ్ చాలా విలువైనది. సర్వీస్ సెంటర్‌లో కోడ్లు చెరిపేస్తే అదీ పోతుంది. చవక ఈఎల్ఎమ్327 రీడర్లు ఇంజన్ కోడ్లు చదువుతాయి కానీ, చాలా కార్లలో గేర్‌బాక్స్ యూనిట్ దాకా వెళ్ళలేవు. దానికి కంపెనీ స్కానర్ రిపోర్టు ప్రింటు అడగాలి. సాఫ్ట్‌వేర్ మార్చితే పాత వెర్షన్ నంబరు, కొత్త వెర్షన్ నంబరు రెండూ బిల్లు మీద రాయించుకోవాలి.

గేర్‌బాక్స్ నిందకు గురయ్యే కొన్ని సందర్భాల్లో అసలు దొంగ 12 వోల్టుల బ్యాటరీయే. వోల్టేజీ పడిపోతే కంట్రోల్ యూనిట్ల మధ్య సమాచారం తెగి సంబంధం లేని హెచ్చరికలన్నీ ఒకేసారి వస్తాయి. ఇంజన్ ఆపి కాసేపు ఆగాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. కారు లాక్ చేసి యూనిట్లన్నీ నిద్రపోయాక కరెంటు లీకు 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. డ్యాష్‌క్యామ్, బయటి లైట్ల కోసం వైరింగ్ కోయించి ఉంటే కంపెనీ మొదట వేలు చూపేది అటే. గొడవ తేలేదాకా అలాంటివేవీ పెట్టించకపోవడం మేలు.

చట్టం దేశానికో రకం. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న కారును 30 రోజుల్లో నేరుగా తిరస్కరించవచ్చు. అది దాటితే ఒక మరమ్మతుకు అవకాశమివ్వాలి. మొదటి ఆరు నెలల్లో బయటపడ్డ లోపం అమ్మినప్పటి నుంచే ఉందని భావిస్తారు. కాలిఫోర్నియాలో 18 నెలలు లేదా 18,000 మైళ్ళలో ఏది ముందైతే ఆ లోపు, ఒకే లోపానికి నాలుగు మరమ్మతులైనా, ప్రాణాపాయమున్న లోపానికి రెండైనా, మొత్తం 30 రోజులకు పైగా కారు సర్వీసులో ఉన్నా, మరమ్మతుకు కంపెనీకి తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టు లెక్క. భారతదేశంలో కార్లకంటూ విడిగా ఇలాంటి చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళ లోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. అక్కడ తయారీ లోపం నిరూపించడానికి నిపుణుడి నివేదిక చాలా కీలకం.

మొదటి ఫిర్యాదు ఎంత తొందరగా కాగితం మీద పడితే అంత డబ్బు మిగులుతుందని వాపసు మొత్తం లెక్కగట్టే కాలిఫోర్నియా సూత్రం చూస్తే తెలుస్తుంది. ఆ లోపానికి మొదటిసారి సర్వీసుకు తెచ్చేనాటికి తిరిగిన మైళ్ళను 1,20,000తో భాగించి, కారు ధరతో గుణిస్తారు. అంత మొత్తాన్ని వాడకం కింద కోసుకుంటారు. 3,000 మైళ్ళ దగ్గర తెస్తే కోత 2.5 శాతం. సర్దుకుంటుందిలే అని 12,000 దాకా ఓపిక పడితే 10 శాతం.

కంపెనీ మధ్యలో ఉచితంగా ఇంకో ఏడాది వారంటీ ఇస్తామంటుంది. దానికి జతచేసిన కాగితంలో "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉందేమో చూడాలి. దాని మీద సంతకం పెడితే తిరిగిచ్చే దారి మూసుకుపోతుంది. నోటీసు కూడా డీలరుతో ఆపకుండా తయారీదారుకే రాతపూర్వకంగా పంపాలి.

తర్వాతి కారు ఎంచుకునేటప్పుడు సర్వేలు చూడండి, కానీ ఏది దేన్ని కొలుస్తోందో తెలుసుకుని చూడండి. అమెరికా సర్వే సంస్థ జేడీ పవర్ చేసే ఇనీషియల్ క్వాలిటీ సర్వే అడిగేది మొదటి 90 రోజుల సంగతి. అందులో ఫోన్ కనెక్ట్ కాకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్స్ పాడవడమూ ఒక సమస్యే. మన్నిక కావాలంటే మూడేళ్ళ కార్ల మీద అదే సంస్థ చేసే డిపెండబిలిటీ సర్వే నయం. అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ ఇంజన్, గేర్‌బాక్స్ లాంటి పెద్ద లోపాలకు ఎక్కువ బరువిస్తుంది, అందుకే నా ఓటు దానికి. జర్మనీలో వాహనదారుల సంఘం ఏడీఏసీ లెక్కలు రోడ్డు మీద ఆగిపోయిన కార్లవి. వాటిలో మొదటి ముద్దాయి ఎప్పుడూ 12 వోల్టుల బ్యాటరీయే.

టొయోటా, లెక్సస్ ఏళ్ళుగా పై వరుసలో ఉన్న మాట నిజమే. అయినా తయారీలో మిగిలిపోయిన లోహపు రజను వల్ల టొయోటా పికప్ టండ్రా 2022, 2023 మోడళ్ళ ట్విన్ టర్బో వీ6 ఇంజన్లను 2024లో వెనక్కి పిలవాల్సొచ్చింది. హ్యుందాయ్, కియాల థీటా 2 ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయాయి. ప్యూజో, సిట్రోయెన్ల 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజన్‌లో ఆయిల్‌లో తిరిగే టైమింగ్ బెల్టు చివికి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డంపడేవి. ఇవే కంపెనీల వేరే ఇంజన్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి. అందుకే మోడల్ పేరుతో పాటు ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, తయారీ సంవత్సరం పెట్టి వెతకాలి. అమెరికా రోడ్డు రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కంపెనీలు డీలర్లకు పంపిన సర్వీస్ బులెటిన్లు ఉచితంగా దొరుకుతాయి. కొత్తగా వచ్చిన ఇంజన్‌ను మొదటి ఏడాదిలో కొనకపోతే సగం తలనొప్పి తప్పుతుంది.

హైబ్రిడ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. టొయోటా తరహా హైబ్రిడ్ గేర్‌బాక్స్ ఈ-సీవీటీలో ప్లానెటరీ గేర్లు, రెండు మోటార్లే ఉంటాయి. బెల్టు లేదు, అరిగే క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటారూ ఆల్టర్నేటరూ లేవు. గట్టిగా తొక్కితే ఇంజన్ అరుస్తుంది, వేగం మెల్లగా అందుకుంటుంది. వెనక సీటు దగ్గరున్న బ్యాటరీ ఫ్యాన్ జాలీని దుమ్ము పట్టకుండా శుభ్రం చేస్తుండాలి. బ్రేకు ప్యాడ్లు తక్కువ అరుగుతాయి. కానీ వాడకం తక్కువై క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి కాబట్టి ఏడాదికోసారి విప్పించి గ్రీజు పెట్టించాలి.

పాత కారు అప్పగించే రోజు ఫోన్ జత, నావిగేషన్ చిరునామాలు, యాప్ ఖాతా తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. టోల్ ట్యాగ్ రద్దు చేయించండి. రిజిస్ట్రేషన్ పన్ను, బీమాలో మిగిలిన భాగం, పొడిగించిన వారంటీ, కంపెనీ అమర్చిన యాక్సెసరీల డబ్బు వాపసు లెక్కలో ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. లోన్ ఉంటే బ్యాంకుకు వెళ్ళే మొత్తం, చేతికొచ్చే మొత్తం విడివిడిగా రాయించుకోండి.