గుంటూరు ఎండలో ట్రాప్ కెమెరా: ఒక తోటలో చూసిన పనితీరు, కొనేవారికి సూచనలు

ఎదుట జంతువు కదలగానే తనంతట తానే ఫొటో తీసే ట్రాప్ కెమెరాల్లో, ఎనిమిది వేల రూపాయల లోపు దొరికేవి చాలావరకు ఒకే మూసలో తయారైనవి. డబ్బా మీది పేరు మారుతుంది గాని లోపలి భాగాలు, మెనూ దాదాపు ఒకలాగే ఉంటాయి. అందువల్ల ఈ సమీక్షలో బ్రాండు పేరు కంటే ఆ తరగతి కెమెరా మన ప్రాంతపు ఎండలో, వానలో ఎలా పనిచేస్తుందన్నదే ముఖ్యంగా చెబుతున్నాను. కొండవీడు కొండల దిగువన సీతాఫలం, జామ చెట్లున్న ఒక బంధువుల తోటలో ఈ కెమెరాను వేసవి నుండి తుపాను వానల దాకా ఉంచి చూశాము. ఐదుకు మూడున్నర మార్కులు వేస్తాను. తగ్గించిన మార్కుల్లో ఎక్కువ భాగం మే నెలకే చెందుతుంది.

ముందు భాగంలో ఉండే పీఐఆర్ సెన్సర్, అంటే వేడిని పసిగట్టే భాగం, జంతువు రూపాన్ని చూడదు. ఎదురుగా ఉన్న నేల, పొదల వేడికీ, వాటి ముందు కదిలే శరీరపు వేడికీ మధ్య తేడాను పసిగట్టి కెమెరాను మేల్కొలుపుతుంది. జనవరి రాత్రుల్లో ఈ తేడా ఎక్కువ కనుక కాస్త దూరాన పోయే కుందేలు కూడా ఫొటోలో పడుతుంది. గుంటూరులో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోయే రోజుల్లో పరిస్థితి వేరు. పొద్దు గూకినా బండరాళ్లు వేడి వదలవు, ఆ వేడి జంతువు ఒంటివేడికి దగ్గరగా ఉన్నంతసేపు సెన్సర్‌కు తేడా దొరకదు, ఎదురుగా అడవిపంది నడిచిపోయినా కెమెరా మేల్కొనకపోవచ్చు. 20 మీటర్లని రాసిన సెన్సర్ దూరం మే నెలలో రాత్రి తొలి గంటల్లో అందులో మూడో వంతుకు పడిపోయింది. తెల్లవారుజామున మళ్లీ మెరుగైంది. ఉడుము, పాము వంటివి చుట్టూ ఉన్న వేడినే ఒంట పట్టించుకునే జీవులు కనుక వాటిని ఈ సెన్సర్ ఏ కాలంలోనూ నమ్మకంగా పట్టలేదు. పగటిపూట దీనికి ఎదురు సమస్య వస్తుంది: ఎండకు కాగిన ఆకులు గాలికి ఊగితే చాలు, జంతువే లేని ఫొటోలతో కార్డు నిండిపోతుంది. సాయంత్రం 6 నుండి ఉదయం 7 వరకు మాత్రమే పనిచేసేలా సమయం నిర్ణయించే సౌకర్యం, సెన్సర్ తీవ్రతను పెంచి తగ్గించే సౌకర్యం ఉన్న కెమెరానే ఎంచుకోవాలని చెప్పడం ఇందుకే.

పెద్ద అక్షరాల్లో కనిపించే 48 మెగాపిక్సెల్ అంకెను పట్టించుకోనక్కరలేదు. ఈ ధరలో అసలు సెన్సర్ సామర్థ్యం అందులో కొద్ది భాగమే ఉంటుంది. మిగిలిన చుక్కలను సాఫ్ట్‌వేర్ కల్పించి నింపుతుంది. ఫొటో పరిమాణాన్ని 8 మెగాపిక్సెల్‌కు తగ్గించినప్పుడు స్పష్టతలో తేడా కనిపించలేదు, ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య ఆలస్యం మాత్రం తగ్గింది. జంతువును పసిగట్టిన తర్వాత ఫొటో తీయడానికి పట్టే సమయం అర సెకను లోపు ఉండాలి, మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం కూడా తక్కువగా ఉండాలి. ఈ రెండోదాన్ని కంపెనీలు తరచు చెప్పవు. తల్లి పంది వెనుక పిల్లలు వరుసగా వచ్చేటప్పుడు ఎన్ని పిల్లలున్నాయో తెలిసేది దానివల్లనే.

రాత్రి వెలుతురు విషయంలో రెండు రకాలున్నాయి. 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బులు ఎక్కువ దూరం వెలుగునిస్తాయి గాని వెలిగినప్పుడు సన్నటి ఎర్రని కాంతి కంటికి కనబడుతుంది. 940 నానోమీటర్లవి కంటికి కనబడవు, దూరం తగ్గుతుంది. దొంగల భయమున్న తోటకు రెండోదే నయం. ఏది కొన్నా రాత్రి ఫొటోలు నలుపు తెలుపుల్లోనే వస్తాయి, వేగంగా కదిలే పునుగుపిల్లి మసకగానే పడుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం వంటి చోట్ల పులుల లెక్కకు బాటకు రెండువైపులా జంటగా కెమెరాలు పెడతారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కుడివైపు చారలు ఎడమవైపు చారలతో సరిపోలవు. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల అమర్చిన కెమెరాలు సుమారు 3 కోట్ల 48 లక్షల ఫొటోలు తీశాయి. అంతటి పనికి వాడే కెమెరాలతో తోట కెమెరాను పోల్చి నిరాశ పడకూడదు.

బ్యాటరీల మీద చేసే ఖర్చు వృథా కాదు. మామూలు ఆల్కలైన్ సెల్స్‌లో వోల్టేజీ క్రమంగా పడిపోతూ ఉంటుంది, దానితోపాటు రాత్రి వెలుగూ తగ్గిపోతుంది. రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ 1.2 వోల్టులవే అయినా చివరి దాకా దాదాపు నిలకడగా ఇస్తాయి. మేము వీటితోనే నడిపాము. కొన్ని కెమెరాలు 1.2 వోల్టులను చూసి బ్యాటరీ అయిపోయిందని ముందే ఆగిపోతాయి కనుక కొనేముందు మాన్యువల్ చూడాలి. పాత సెల్స్, కొత్త సెల్స్ కలిపి వేయకూడదు.

అమర్చడంలో తాటిచెట్టును మించిన ఆధారం మన దగ్గర లేదు. గాలికి మొదలు ఊగదు. మోకాలి ఎత్తున, ఉత్తరం వైపు చూసేలా కట్టి, జంతువుల బాటకు ఏటవాలుగా తిప్పాలి. ఎదురుగా వచ్చే జంతువు కంటే అడ్డంగా దాటే జంతువునే సెన్సర్ బాగా పట్టుకుంటుంది. ముందున్న గడ్డిని కోసివేయాలి. తుపాను వానలకు లోపలికి నీరు రాలేదు. మూత అంచు రబ్బరులో చీమలు చేరకుండా మాత్రం చూసుకోవాలి.

పంట పోతున్నదని కంచెకు కరెంటు తీగ పెట్టే రైతులకు ఈ కెమెరా గురించి తప్పక చెప్పాలి. ఆ తీగ పందినే కాదు, నక్కను, ముళ్లపందిని, తెల్లవారకముందే నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషినీ చంపుతుంది. పందులు కంచెలో ఏ సందు నుండి, ఏ వేళకు వస్తున్నాయో ఫొటోల్లో తెలిశాక మా బంధువులు ఆ సందును రాళ్లతో, ముళ్లకంపతో మూశారు. ఎనిమిది వేలకు ఇంతకంటే మంచి ఫలితం నేను కోరుకోను.

సొంత తోట దాటి అభయారణ్యంలో కెమెరా పెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి ఉండాలి. కృష్ణా అభయారణ్యపు మడ అడవుల్లో నీటిపిల్లిని ఫొటో తీయాలని ఆశపడే మిత్రులు మొదట ఆ అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. తోటలో కూడా కూలీలు, ముఖ్యంగా ఆడవాళ్లు నడిచే దారి కెమెరాకు ఎదురుగా ఉండకూడదు. కెమెరా ఎక్కడ ఉందో పక్క పొలాల వారికీ చెప్పి ఉంచాలి.

వెనక్కి పంపే గడువు ముగియకముందే ఇంట్లో మూడు పరీక్షలు చేయవచ్చు. చీకటి వరండాలో మూడు మీటర్ల దూరాన అడ్డంగా నడిచి, ఫొటోలో మనిషి మధ్యలో పడ్డాడో, వీపు మాత్రమే పడిందో చూడాలి. రీఛార్జి సెల్స్‌తో ఒక రాత్రంతా ఉంచాలి. తర్వాత సెల్స్ తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ వేసి, తేదీ, సమయం నిలిచాయో లేదో చూడాలి. అవి చెరిగిపోయే కెమెరా అయితే సెల్స్ మార్చిన ప్రతిసారీ గడియారం సరిచేయాలి, లేదంటే పంది వచ్చిన వేళ తెలియదు.