'ఇరవై ఒక్క రోజుల్లో చెదరని ఏకాగ్రత' వాళ్లకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఆ ఫ్లెక్సీలు చూడనివాళ్లు ఉండరు కనుక ఆ సంస్థ పేరు నేను రాయనవసరం లేదు. ఇరవై ఒక్క రోజుల్లో ఏకాగ్రత నేర్పిస్తామంటే నమ్మి వాళ్లకు 6,500 రూపాయలు కట్టాను. పన్నెండో రోజైన నిన్న సాయంత్రం ఆ డబ్బు తిరిగి అడగడానికి వెళ్లి అవమానంతో ఇంటికి వచ్చాను. కోపం చల్లారితే మర్యాదకు పోయి సగం దాచేస్తానేమోనని ఈ రోజే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పద్నాలుగేళ్లుగా "ధ్యాస ఎక్కడుందిరా" అని పిల్లలను గద్దిస్తున్న నోరు నాది. ఒకప్పుడు రాత్రి భోజనం చేసి నవల పట్టుకుంటే కోడి కూసేదాకా తల ఎత్తేవాణ్ణి కాదు. ఇప్పుడు మండలం గ్రూపు, కాంప్లెక్సు గ్రూపు, మధ్యాహ్న భోజనం లెక్కల గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, బంధువుల గ్రూపు వంతులేసుకుని మోగుతుంటే, ఒకే పేజీని మూడుసార్లు చదివినా ఏం చదివానో చెప్పలేని స్థితికి వచ్చాను. వాళ్లు వల వేసింది సరిగ్గా ఇక్కడే. నడిచి వెళ్లి అందులో పడింది మాత్రం నేనే.

మొదటి రోజే నా ఫోన్ తీసుకుని వాళ్ల యాప్ ఒకటి ఎక్కించి, రెండు వాట్సాప్ గ్రూపుల్లో చేర్చారు. తెల్లవారుజామున ఐదింటికి "లేచారా?" అని ఒక సందేశం, ఆ వెంటనే ఒక వీడియో, ఆ తర్వాత ఏకాగ్రత ఎంత కుదిరిందో మార్కులు వేసుకోమని గంటగంటకూ ఒక గంట. పదో రోజు ఓపిక పట్టి లెక్కపెడితే, ఒక్క రోజులో వచ్చినవి 64. సారా మాన్పిస్తానని డబ్బు తీసుకుని పూటపూటకూ సీసా పంపినట్టుంది వ్యవహారం. ఒక పనిని సగంలో వదిలి ఇంకో పనికి మళ్లితే మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే రాశారు. అది నేను తరువాత సొంతంగా వెతుక్కుని తెలుసుకున్న సంగతి. వాళ్ల పాఠాల్లో ఆ ఊసే లేదు.

ఇక వాళ్ల 'రహస్య సూత్రం' ఏమిటంటే, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి 1980ల చివర్లో టమాట ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌ను ముందు పెట్టుకుని తన చదువు కోసం చేసుకున్న ఏర్పాటు అది. ఇటాలియన్ భాషలో టమాటను పొమొడోరో అంటారు కనుక ఆ పద్ధతికి ఆ పేరే నిలిచింది. ప్రపంచమంతటికీ తెలిసిన ఆ సంగతిని తమ పరిశోధన అని చెప్పి, పైన ఇంకో 900 రూపాయలకు ఒక టైమర్ కూడా అంటగట్టారు. అదీ కొన్నాను, నవ్వుకోండి.

నిన్నటి సంగతికి వస్తాను. నేను వెళ్లేసరికి నిర్వాహకుడు కుర్చీలో వెనక్కి వాలి ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాడు. ఆయన తల వెనక గోడ మీద 'ఒక్క పని, ఒక్క మనసు' అని బంగారు రంగు అక్షరాలున్నాయి. నేను నిలబడే నా బాధంతా చెప్పాను. ఆయన బొటనవేలు తెర మీద పైకి జరుగుతూనే ఉంది. ఒక పాట సగంలో తెగి ఇంకో పాట, అది తెగి ఎవరిదో నవ్వు. నేను ముగించాక తల ఎత్తకుండానే "ఆ... మళ్ల చెప్పుండ్రి సార్, ఏమంటున్నరు?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను, నా ఖర్మ. అప్పుడు ఫోన్ బల్ల మీద బోర్లించి, పక్కనున్న కుర్రవాడి వైపు చూసి నవ్వుతూ, "ధ్యాస లేకనే గద సార్ మీరు మా తాన్కి వచ్చింది, మీకు కుదరకపోతె మేమేం జేస్తం" అన్నాడు. రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న 'చెల్లించిన రుసుము వాపసు ఇవ్వబడదు' అన్న వాక్యాన్ని గోటితో చూపించాడు. నా దగ్గర చదువుకునే పిల్లవాడి తండ్రి అక్కడే కూర్చుని ఇదంతా వింటున్నాడు. నేను బదులు చెప్పలేకపోయాను. బండి తీసి పానగల్ దాకా వెళ్లాక గానీ చెప్పవలసిన మాటలు నోటికి రాలేదు.

ఇంటికి వచ్చేసరికి యాప్‌లో అభినందనలు: పన్నెండో రోజు విజయవంతంగా పూర్తి చేశానట.

సలహా అంటారా, డబ్బు కట్టేముందు రసీదు వెనక వైపు కూడా చదవండి. టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన ప్రయోగంలో, ఫోన్‌ను బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే వేరే గదిలో వదిలి వచ్చినవాళ్లే పరీక్షలు మెరుగ్గా చేశారు. వేరే గదికి ఎవరూ రుసుము అడగరు. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, ఐదు లక్షల లోపు చెల్లింపులకు ఫీజు కూడా లేదు. నేను సోమవారం వెళ్తున్నాను. రసీదులు దాచుకున్నవాళ్లు ఉంటే చెప్పండి, కలిసే వెళ్దాం.